రెండో కోత

పుదీనా జానెడు ఎత్తు పెరిగిన రోజుల్లో అన్నయ్య ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. పడ్డాడనడం కంటే దిగబోయాడనడం సబబు. బండి ఆగేదాకా కూర్చునే ఓపిక అతనికి ఏనాడూ లేదు. ఇంజను ఆపకుండానే కాలు కింద పెట్టాడు. గట్టు మీద పడాల్సిన కాలు కాలవలో పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. తొడ దాకా కట్టు వేసి, ఈ పంట సంగతి మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

"నేను మర్చిపోతాను సరే, పంట నన్ను మర్చిపోవాలి కదండీ" అన్నాడు అన్నయ్య. డాక్టరు నవ్వాడు. మాకెవరికీ నవ్వు రాలేదు.

మాది నూనె పుదీనా. వంటింట్లోకి వాడేది కాదు. గడ్డి కోసినట్టు మొదలంటా కోసి, ఒక పూట ఎండలో వడలనిచ్చి, బట్టీలో వేసి ఆవిరి పడితే నూనె దిగుతుంది. పళ్ల పేస్టులోకి, తలనొప్పి మందులోకి అదే పోతుంది. కోసిన వేళ్ల నుంచే మళ్లీ చిగుళ్లు లేస్తాయి కాబట్టి రెండో కోత కూడా ఉంటుంది. చుట్టుపక్కల చేలన్నిటికీ బట్టీ ఒక్కటే. ఎవరి వంతు వాళ్లకి రావాలి.

ఇంట్లో నలుగురం. అమ్మ ఎప్పుడో పోయింది. నాన్నకి మోకాళ్లు అరిగాయి, చెవులు మందగించాయి. పొలం అన్నయ్య చేతుల్లో పెట్టి, ఎవరేమడిగినా "ఏమో మరి, మీ ఇష్టం" అనడం మొదలుపెట్టాడు. అన్నయ్యా నేనూ ఒకే అచ్చులో పోసినవాళ్లం. ఇద్దరికీ కాళ్లలో చక్రాలు. కుర్చీలో కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాం. వదిన మాత్రం వేరు. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి గడియారాలు బాగుచేస్తారు. చిన్న స్క్రూ ఒకటి కింద పడితే ఇంటిల్లిపాదీ కదలకుండా కూర్చుని వెతికే ఇల్లు. మా ఇంటికొచ్చి మూడేళ్లయినా ఆమె చేను గట్టు దాటి లోపలికి దిగింది లేదు. దిగమని అన్నయ్య అననూ లేదు.

ముందు గదిలో కిటికీ పక్కన అన్నయ్యకి మంచం వేశాం. అందులోంచి చూస్తే పై మడి ఒక్కటే కనిపిస్తుంది. మిగతా మళ్లన్నీ కింద, పల్లంలో ఉంటాయి.

మొదటి రోజే అన్నయ్య నన్ను పిలిచాడు. "ఏమే, కింద మళ్లకి నీళ్లు పెట్టాలి. కలుపు తీసేవాళ్లకి చెప్పాలి. ట్రాక్టరు ఎవరినైనా పిలిచి ఇంటికి తోలించాలి."

"తోలించడం ఎందుకు? నేను తోలుకొస్తాను."

"దాని జోలికి వెళ్లావంటే ఊరుకోను."

"ఊరుకోక ఏం చేస్తావు? లేచి వస్తావా?"

నేను వెళ్లి బండి తెచ్చాను. కొట్టం తలుపుకి చిన్న సొట్ట పడింది కానీ బండికి ఏమీ కాలేదు. తలుపు సంగతి అన్నయ్యకి వినిపించింది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా, ఆ పూటంతా కట్టులోపల దురద పెడుతోందని సైకిలు చువ్వతో గోక్కుంటూ గొణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున వదిన అన్నయ్య పాత చొక్కా ఒకటి తొడుక్కుని, చేతులు పైకి మడుచుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"చేలోకి. కలుపువాళ్లొచ్చారు. పుదీనా ఏదో కలుపేదో ఒకసారి చూపిస్తారా?"

అన్నయ్య మంచంలోనే కాస్త పైకి జరిగాడు. నేను గుప్పెడు మొక్కలు పీక్కొచ్చాను. పక్క మీద పరిచి అతను ఒక్కొక్కటీ చూపించాడు. ఆమె ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగింది. కలుపు ఎందుకు మిగలకూడదు? బట్టీలో దాని వాసన కూడా నూనెలోకి దిగుతుంది. నీళ్లు నిలవుంటే ఏమవుతుంది? వేళ్లు కుళ్లిపోతాయి. అన్నయ్యని అంతకుముందు ఎవరూ ఎందుకని అడగలేదు. మొదట చిరాకుపడ్డాడు. తర్వాత చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోగా నేను వినడం అదే మొదలు.

కొన్నాళ్లు అలాగే నడిచింది. ప్రతి సాయంత్రం వదిన ప్రతి మడి నుంచీ ఒక కొమ్మ తుంచుకొచ్చి కిటికీలో గ్లాసులో పెట్టేది. అన్నయ్య ఒక్కో కొమ్మా తీసి ఆకు నలిపి వాసన చూసి, ఇది చెయ్యి అది చెయ్యి అని చెప్పేవాడు. పుదీనా మోకాలి ఎత్తుకి వచ్చేసరికి ఆమె ఎండకి నల్లబడింది. కూలివాళ్లు ఏదైనా కావాలంటే ఆమెనే పిలుస్తున్నారు. కొమ్మలు తేవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. అన్నయ్య గమనించాడు కానీ అడగలేదు. పగలంతా కిటికీలోంచి పై మడిని చూస్తూ మంచం పట్టీ మీద వేళ్లతో దరువు వేస్తూ ఉండేవాడు. ఆ చప్పుడు వింటూ ఇంట్లో ఉండలేక నేను పని లేకపోయినా బండి తీసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆవిరి బాబాయి వచ్చాడు. బట్టీ ఆయనదే. మాకు చుట్టం కాకపోయినా అందరూ అలాగే పిలుస్తారు. పోయినేడు మా నూనె తక్కువొస్తే, బట్టీ గొట్టం కారుతోందని అన్నయ్య పదిమందిలో ఆయన్ని అనరాని మాటలన్నాడు. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. కాలు విరిగిందని తెలిసి మనసొప్పక వచ్చినట్టున్నాడు.

"ఎలా ఉందిరా కాలు?"

"కాలికేం, హాయిగా పడుకుంది. నేనే పడుకోలేకపోతున్నాను."

బాబాయి నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "మంగళవారం బట్టీ ఖాళీగా ఉంది. మీ ఆకు తెస్తారా?"

అన్నయ్య కిటికీలోంచి చూశాడు. పై మడి నిండా లేత ఊదారంగు పూత. "తెస్తాం. సోమవారం కోయించేస్తాను."

వదిన టీ తీసుకుని అప్పుడే లోపలికి వచ్చింది. గ్లాసు బాబాయి చేతికిచ్చి, "సోమవారం కాదు బాబాయిగారూ. ఇంకో వారం కావాలి" అంది.

గదిలో దరువు ఆగిపోయింది.

"పూత కనిపిస్తోంది కదా" అన్నాడు అన్నయ్య, కిటికీ వైపు చెయ్యి చూపించి.

"అది పై మడండీ. మెరక కాబట్టి ముందొచ్చింది. కింద మళ్లలో ఇంకా మొగ్గే. ఇప్పుడు కోస్తే నూనె ఉండదు. మీరు చెప్పిందేగా."

"నేను చెప్పింది నాకే చెప్తావా? కింద మళ్ల సంగతి నాకు తెలీదా?"

"మీరు చూడలేదు కదండీ."

ఆ మాటలో పొడుపు లేదు. వాన పడలేదు, బస్సు రాలేదు అన్నట్టు మామూలుగా అంది. అందుకే కాబోలు గట్టిగా తగిలింది. బాబాయి టీ రెండు గుక్కల్లో తాగేసి లేచాడు. "మీరిద్దరూ తేల్చుకుని కబురు పెట్టండి. మంగళవారం వేరేవాళ్లకి ఇస్తాను."

ఆయన గేటు దాటాక అన్నయ్య గోడవైపు తిరిగాడు. "నీ ఇష్టం" అన్నాడు. "విరిగింది కాలొకటే అనుకున్నాను. నా మాట కూడా విరిగినట్టుంది."

వదిన ఖాళీ గ్లాసు వంటింట్లో పెట్టింది. చేలోకి వెళ్లిపోయింది.

ఆ వారం నాకు కాలు ఒకచోట నిలవలేదు. నీళ్లు ఆపేశాం కాబట్టి నేల గట్టిపడింది. గాలి వీచినప్పుడల్లా చేనంతా ఒక్కసారిగా వాసన కొట్టి కళ్లు మండేవి. కింద మళ్లు కూడా ఊదారంగు తిరిగాయి. తేనెటీగల రొద ఇంటిదాకా వినిపించేది. వదిన పొద్దున్నే వెళ్లి మడి మడీ తిరిగి వచ్చేది.

"వదినా, ఇక చాలదా?" అనేదాన్ని.

"రేపు చూద్దాం."

ఆ 'రేపు' వినీ వినీ నాకు ఒళ్లు మండిపోయేది. శుక్రవారం ఎవరిదో ఆకు అందలేదని, వస్తే బట్టీ పెడతానని బాబాయి కబురు పంపాడు. నేను అప్పటికే బండికి ట్రాలీ తగిలించాను. వదిన చేను వైపు చూసింది. "మూలన ఇంకా పూత విచ్చని నాలుగు వరసలున్నాయి. అవి కూడా వచ్చేస్తాయి. సోమవారం పెట్టుకుందాం."

"నాలుగు వరసల కోసమా?"

"ఇన్నాళ్లూ ఆగాం కదా."

ముందు గదిలో అన్నయ్య వింటున్నాడు. గడియారం కేసి, ఆకాశం కేసి చూశాడు కానీ పెదవి విప్పలేదు. మాట్లాడితే నేను ఆ శుక్రవారమే కోయించి ఉండేదాన్ని. అతను మాట్లాడడని నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. ఆకులు కదలడం మానేశాయి. తర్వాత దక్షిణం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. వాన మొదలైనప్పుడు ముగ్గురం చేలోనే ఉన్నాం, నేనూ వదినా నాన్నా. తడిపిన బట్ట పిండినట్టు కురిసింది. కింద మళ్లలోకి నీళ్లు అన్ని వైపుల నుంచీ దిగుతున్నాయి. కాలవలు తీయాలని వదిన పలుగు అందుకుంది. పైనుంచి మట్టి తెచ్చి అడ్డం వేద్దామని నేను బండి దింపాను. దింపడం వరకే నా పని. వెనక చక్రాలు బురదలో తిరిగి తిరిగి ఇరుసు దాకా దిగబడ్డాయి.

అప్పుడు వసారాలో అన్నయ్య కనిపించాడు. చంకకర్రల మీద వేలాడుతూ ఏదో అరుస్తున్నాడు. వాన హోరులో ఒక్క ముక్క వినపడలేదు. వదిన చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య ఒక కర్ర పైకెత్తి ఊపాడు.

"కింది గట్టు తెగ్గొట్టమంటున్నాడు" అన్నాడు నాన్న.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. చెవులు వినపడక ఏళ్ల తరబడి మనుషుల చేతులూ పెదాలూ చూసి బతుకుతున్న మనిషి. "మూలన, పాత తూము పక్కన. అక్కడ కొట్టమంటున్నాడు. కొట్టండి."

వదినా నేనూ ఆ మూలకి పరిగెత్తాం. ఇద్దరం మార్చి మార్చి పలుగు వేశాం. గట్టు తెగగానే నీళ్లు మా కాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని పక్క బీడులోకి పోయాయి. ఆమె ఎదురుచూసిన మూల వరసలు అక్కడే. పువ్వు నిండా విచ్చి, నీళ్లలో తలలు వాల్చేసి ఉన్నాయి. వదిన వాటిని చూసింది. ముఖం మీద కారేవి వాన నీళ్లో కన్నీళ్లో నాకు తెలీలేదు. అడగలేదు.

మర్నాడు కూడా కురిసింది. ఎండ వచ్చేసరికి మొక్కల కింది సగం పసుపు తిరిగి, చెయ్యి తగిలితే ఆకు రాలిపోతోంది. కోయించాం. పక్కవాళ్ల బండి తెచ్చి మా బండి లాగించాం. వడలబెట్టి, బట్టీకి తోలాం. ఆవిరి బాబాయి ఆకుని పిడికిట్లో పట్టుకుని వదిలేశాడు. బట్టీలో తొక్కించి మూత బిగించాడు. గొట్టం చివర సన్నటి ధార పడుతుంటే ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. నీటి మీద నూనె తేలి డబ్బాలోకి దిగుతోంది. సగానికి వచ్చాక ధార బొట్లుగా మారింది. బాబాయి మంట రెండుసార్లు ఎగదోశాడు. ఆ తర్వాత ఉత్త నీళ్లే వచ్చాయి.

"అంతేనమ్మా" అన్నాడు.

దారిలో వదిన మడ్‌గార్డు మీద కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, ఎవరైనా ఆ వాన ముందే చెప్పగలరా, రేడియోలో కూడా చెప్పలేదు కదా అన్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే అన్నయ్య ఏమంటాడో అదంతా నా బుర్రలో వరసగా వినిపిస్తోంది. ఇద్దరి మధ్యా నేను ఏమని అడ్డుపడాలో కూడా అనుకున్నాను.

వదిన తిన్నగా ముందు గదిలోకి వెళ్లింది. బురద చొక్కాతోనే మంచం పక్కన నిలబడింది. డబ్బా నేల మీద పెట్టింది.

"సగమే వచ్చింది" అంది. "శుక్రవారం బట్టీ ఖాళీ అన్నారు. కోస్తే నిండేది. నేనే ఆగాను. నాలుగు వరసల కోసం చేనంతా ఆపాను. వానదేం లేదు. నాదే తప్పు."

నాన్న కుర్చీలో ముందుకి వంగి ఆమె పెదాలు చూస్తున్నాడు. అన్నయ్య సైకిలు చువ్వని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"పోయినేడు గొట్టం కారిందన్నాను కదా" అన్నాడు అన్నయ్య. చువ్వతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "కారలేదు. వాన వెలిసిన మర్నాడే తడి ఆకు కోయించి పడేశాను. ఒక్క రోజు ఆగలేక."

అన్నయ్య చువ్వ కిటికీలో పెట్టాడు.

"రెండో కోతకి నీళ్లు ఎప్పుడు వదులుదామనుకుంటున్నావు?"

మా ఇంట్లో నీళ్లు వదలడం గురించి ఎవరూ ఎవరినీ అడిగేవాళ్లు కాదు. ఫలానా రోజు వదులుతున్నాం అని వినేవాళ్లం. వదిన వేలి గోరు కింద బురద తీసుకుంటూ ఆలోచించింది.

"నేల ఇంకా తడిగానే ఉందండీ. ఎల్లుండి చూసి చెప్తాను."

"సరే" అన్నాడు అన్నయ్య.

ఆమె చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. నాన్న నన్ను చూసి, "ఏమన్నాడు?" అన్నాడు. ఆయనకి పెదాలు అందలేదేమో.

"సరే అన్నాడు నాన్నా."

"ఊఁ" అని ఆయన వెనక్కి వాలాడు.

గట్టు తెగ్గొట్టబట్టి వేళ్లు కుళ్లలేదు. కోసిన మోడుల నుంచి చిగుళ్లు దట్టంగా లేచాయి. అవి బెత్తెడు ఎత్తు వచ్చేసరికి అన్నయ్య కట్టు తీసేశారు. లోపలున్న కాలు ఎవరిదో అరువు తెచ్చినట్టు సన్నగా ఉంది. మోకాలు పూర్తిగా వంగలేదు. రోజూ వంచుతూ ఉంటే కొంత వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

అతను మంచం మీద ఉన్న రోజుల కన్నా లేచి తిరిగిన రోజులే మాకు కష్టంగా గడిచాయి. కర్ర పట్టుకుని గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. మళ్లీ వెళ్లేవాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా చేలోకి దిగి, రెండో మడి గట్టు మీద కాలు నిలవక పుదీనాలో వెల్లకిలా పడ్డాడు. కలుపువాళ్లు లేపారు. వదిన దూరం నుంచి చూసింది కానీ పరిగెత్తి రాలేదు. నిదానంగా వచ్చి, "అక్కడ గట్టు మెత్తగా ఉందండీ, నేనూ పడ్డాను" అంది. అతను రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. టీలో చక్కెర తక్కువైందని ఒకసారి, ఎక్కువైందని ఒకసారి విసుక్కున్నాడు.

మూడో రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి, "బండి తియ్యి" అన్నాడు.

"ఎక్కడికి?"

"బట్టీకి."

ట్రాలీలో గడ్డి పరిచి కూర్చోబెట్టాను. గతుకు వచ్చినప్పుడల్లా నా డ్రైవింగు మీద ఒక మాట పడింది. ఆవిరి బాబాయి బట్టీ ముందు కట్టెలు సర్దుతున్నాడు. అన్నయ్య దిగి, కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు.

"గొట్టం కారలేదు బాబాయ్."

"నాకు తెలుసురా" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా. కట్టె ఒకటి పక్కన పెట్టి, "వచ్చావు కదా, ఆ మంట చూస్తూ ఉండు. నా కళ్లకి పొగ పడట్లేదు. ఆవిరి తగ్గితే చెప్పు" అన్నాడు.

పీట మీద కాలు చాపుకుని కూర్చున్నాడు అన్నయ్య. నేను అరగంటలో తీసుకెళ్దామని ఆగాను. మంట, ఆవిరి, గొట్టం చుట్టూ చల్లటి నీళ్లు, నీటి మీద నూనె. ఒకటి చూసేలోపు ఇంకోటి చూడాలి. కూర్చునే చెయ్యాల్సిన పనే, కానీ ఒక్క నిమిషం కుదురుగా ఉండనివ్వని పని. సాయంత్రం దాకా అతను లేవలేదు. మర్నాడు బండి తియ్యమని నన్ను అడగకుండా దారిన పోయే వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ పై ఏడాది బట్టీ అన్నయ్యే తీసుకున్నాడు, చేను వదిన చూసుకుంది. నేను పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుని బస్సు డ్రైవర్నయ్యాను. కానీ ఆ రెండో కోత నాటికి ఇవేవీ మేము అనుకోలేదు. అతను నాలుగు రోజులు కాలక్షేపానికి వెళ్తున్నాడనే అనుకున్నాం.

రెండో కోత ఎప్పుడో వదినే చెప్పింది. పల్లంలో పూత ఇంకా అక్కడక్కడా విచ్చలేదు. ఆమె గట్టు మీద నిలబడి చేనంతా ఒకసారి చూసి, "రేపు కొడవళ్లు తీసుకురండి" అని కలుపువాళ్లతో అంది. ఎండ గట్టిగా కాసింది. కోసిన ఆకు మధ్యాహ్నానికి చక్కగా వడలింది. నేను లోడు తర్వాత లోడు తోలాను. మొదటి లోడుతో వదిన కూడా వచ్చింది.

బట్టీ దగ్గర అన్నయ్య బనీను మీద ఉన్నాడు. ముఖమంతా మసి. మిగతా రైతుల్ని పిలిచినట్టే, "ఆకు దించండి, అక్కడ కాదు, ఇటు" అని మమ్మల్నీ కేకేశాడు. తొక్కించాడు. మూత బిగించాడు. వదిన గొట్టం దగ్గర నిలబడింది. మొదట ఆవిరి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత నీళ్ల మీద పల్చటి పసుపురంగు పొర కట్టింది. పొర మందంగా మారి డబ్బాలోకి దిగడం మొదలైంది. సగం దాటింది. ధార తగ్గలేదు.

అన్నయ్య కుంటుకుంటూ వచ్చి ఒక చుక్క అరచేతిలో పట్టి, రుద్ది, వాసన చూశాడు.

"ఆకు బాగుంది" అన్నాడు.

ఆవిరి బుసబుసలాడుతోంది. వదిన తల తిప్పింది. "ఏమన్నారు?"

"గడ్డి ఎక్కువ కలిసిందన్నాను."

"బాగుందన్నట్టు వినపడింది."

"వినపడితే మళ్లీ అడగడం ఎందుకు?"

వదిన కట్టెల మోపు ఒకటి లాక్కుని అతని పీట పక్కన కూర్చుంది. అతనూ కూర్చున్నాడు, చాపిన కాలు ఆమెకి అడ్డం రాకుండా కాస్త పక్కకి తిప్పుకుని. ఇద్దరూ డబ్బా వైపే చూస్తున్నారు. చేలో ఇంకో లోడు మిగిలి ఉంది. నేను బండి ఎక్కాను.